అడుగున నున్న ఋణము

ఒక తప్పు చేయుచుండినవాడు దానిని మానినచో, ఆ తప్పుతో వానికి గల సంబంధము అంతటితో తీఱిపోయినట్లేనా? ఈ ప్రశ్న పాతది. మన యిండ్లలో దీనికి సాధారణముగా లభించు సమాధానమును పాతదే: "మానినాడు గదా, ఇంక నా ప్రసంగమేల?" త్రాగుబోతు త్రాగుడు మానును. అధికవడ్డీలు లాగినవాడు వడ్డీవ్యాపారము మానును. కోడలిని బాధించిన యత్తగారు వయస్సు మీఱి మెత్తబడును. కొందఱిని బావికి రానీయని యూరు చట్టమునకు వెఱచి రానిచ్చును. ఇట్టి సందర్భములలో మానుటయే ప్రాయశ్చిత్తమనియు, అంతకుమించి యడుగుట యౌదార్యలోపమనియు లోకము తలంచుచున్నది. ఈ తలంపు ఎంతవఱకు నిలుచునో విచారింపవలసి యున్నది. ఈ విచారణకు నేను దీసికొనుచున్న దృష్టాంతము సముద్రపు అడుగున నున్న బురద. ఆ బురదకును పైనున్న నీటికిని నడుమ నిత్యము జరుగు ఇచ్చిపుచ్చుకొనుటను గూర్చి శాస్త్రజ్ఞులు గడచిన నూఱేండ్లకు పైగా దెలిసికొన్న సంగతులు ఈ ప్రశ్నకు మిక్కిలి దగ్గఱగా నున్నవి.

ముందొక మాట. ప్రకృతి ధర్మశాస్త్రము గాదు. పులి లేడిని జంపుట జూచి హింస ధర్మమనువాడును, తేనెటీగల పట్టును జూచి రాచఱికము ధర్మమనువాడును ఒకే పొరపాటు చేయుచున్నారు. మనకేది కర్తవ్యమో సముద్రము చెప్పజాలదు. అయినను, మన చేతలు మన చేతినుండి విడిన తరువాత నేమగునో అది చూపగలదు. ఆ సంగతి తెలియక కర్తవ్యమును నిర్ణయింపబూనుట పద్దులు చూడక లెక్క తేల్చుట వంటిది.

గుంటూరునుండి తెనాలికి బోవు మార్గముననున్న వడ్లమూడి సముద్రము కంటికానని యూరు. అక్కడివారికి సముద్రమనగా ఏ కార్తికపూర్ణిమకో సూర్యలంకకు బోయి మునిగివచ్చుటయే. అయినను ఆ ప్రాంతపు పొలములకును సముద్రమునకును నిత్యసంబంధము గలదు. 1855లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియైనది మొదలు కృష్ణనీరు పశ్చిమడెల్టా కాలువల వెంట మళ్లకు వచ్చుచున్నది. 1957లో ఆనకట్టకు మాఱుగా ప్రకాశము బ్యారేజి వెలసిన తరువాతను ఈ క్రమము మాఱలేదు. మళ్లు తడిపి మిగిలిన నీరు మురుగుకాలువలలో బడి, నల్లమడ మొదలగు డ్రెయిన్ల గుండ బాపట్ల, రేపల్లె ప్రాంతముల తీరమునకు జేరుచున్నది.

పారునీరు వట్టిచేతులతో బోదు. పొలమున జల్లిన యూరియాలో సగమునకు మించి వరిపైరునకు దక్కుట యరుదు. తక్కినదానిలో కొంత గాలిలో గలియును, కొంత భూమిలోనికి దిగును, కొంత నీటివెంట సాగిపోవును. ఊళ్ల మురుగును, పశువులకొట్టములు కడిగిన నీళ్లును, రొయ్యలచెఱువులనుండి వదలిన నీరును దారిలో దానితో జతపడును. నిజాంపట్నము తీరమునకు వచ్చుసరికి ఆ నీటిలో నత్రజనియు, భాస్వరమును గలవు. అవి యే గ్రామమువో, ఏ రైతువో చెప్పు గుఱుతు మాత్రము వానికి లేదు.

సముద్రమున ఈ యెరువును మొదట గ్రహించునవి కంటికి గనబడని సూక్ష్మమైన నాచుజాతులు. అవి నీటిలో దేలియాడు పచ్చికబీడు వంటివి. చిన్నచిన్న పురుగులు వానిని మేయును, ఆ పురుగులను చేపలు మేయును. ఈ నాచుల దేహములో భాస్వరపు పరమాణువు ఒకటికి నత్రజని పరమాణువులు 16, కర్బనపు పరమాణువులు 106 సగటున నుండునను నిష్పత్తి, 1934 మొదలుకొని రెడ్‌ఫీల్డు అను అమెరికా శాస్త్రజ్ఞుడు చేసిన పరిశీలనల మూలమున నేర్పడినది. మేతకు బోక మిగిలిన నాచును, మేసిన జీవుల మలమును, చచ్చినవాని దేహములును మెల్లమెల్లగా క్రిందికి రాలును. మిక్కిలి లోతైనచోట అందు చాలభాగము దారిలోనే కరగిపోవును. తీరముకడ లోతు తక్కువగుటచే చాలభాగము అడుగునకు జేరి బురదలో గలియును. సామాన్యదృష్టికి కథ యిక్కడితో ముగిసినది. "గంగపాలైనది" అని మనవారనుట యీ యర్థముననే గదా!

నిజమునకు కథలో ముఖ్యభాగ మిక్కడనే మొదలగుచున్నది. తీరసముద్రపు బురదలోనికి ప్రాణవాయువు చొచ్చుకొనిపోవు లోతు సాధారణముగా కొన్ని మిల్లిమీటర్లు మాత్రమే. ఆ పలుచని పొరలో నున్న సూక్ష్మజీవులు మనవలెనే ప్రాణవాయువు సాయమున ఆహారమును జీర్ణించుకొనును. దానికి దిగువ ప్రాణవాయువు లేదు. అక్కడి జీవులు దానికి బదులు నైట్రేటును, ఆ తరువాత మాంగనీసు, ఇనుముల తుప్పును, ఆ తరువాత సముద్రజలమందలి సల్ఫేటును వాడుకొనును. అన్నిటికి దిగువ మీథేనువాయువు పుట్టును. కృష్ణా గోదావరుల మొగల కెదుటనున్న లోతుసముద్రపు అడుగున ఇట్టి మీథేను మంచువలె గడ్డకట్టి నిలువయున్నట్లు 2006లో త్రవ్వి చూచినప్పుడు కనుగొనబడినది.

దీని పోలిక చూచుటకు సముద్రమునకు బోనక్కఱలేదు. చాలదినములు నీరు నిలిచిన వరిమడిలో కాలుమోపి తీసినచో, పైని ఎఱుపుడాలు గల పలుచని మట్టిపొరయు, దాని క్రింద నీలినలుపు బురదయు గనబడును. ఒక్కొక్కచోట కుళ్లిన గ్రుడ్ల వాసనయు వచ్చును. పైపొర గాలి తగిలినది, క్రిందిది తగులనిది. ఎఱుపు తుప్పుపట్టిన యినుముది, నలుపు గంధకముతో గలిసిన యినుముది. డెల్టారైతు ప్రతియేటను కాలితో ద్రొక్కుచున్న మడి ఒక చిన్న సముద్రపుటడుగు.

ఈ పలుచని పైపొర చేయుచున్న పని యేమి? 1893లో జాన్ మరే, రాబర్టు అర్వైన్ అనువారు సముద్రపు నీలిబురదల సందులలోని నీటిని పరీక్షించి, అది పైనున్న నీటివంటిది కాదని చూపిరి. 1941, 1942 సంవత్సరములలో మార్టిమర్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు విండర్మియరు మొదలగు సరస్సుల బురదను పరిశీలించి మఱియొక రహస్యమును బయటపెట్టెను. పైపొరకు గాలి తగులుచున్నంతకాలము అందలి యినుపతుప్పు భాస్వరమును గట్టిగా పట్టుకొనియుండును. అడుగునీటిలో ప్రాణవాయువు తఱిగిపోయినచో ఆ తుప్పు కరగును. అది పట్టియుంచిన భాస్వరము విడివడి నీటిలోనికి వచ్చును. దానితో అమోనియాయు వెలికివచ్చును. అనగా బురద యొక కొట్టు, గాలి తగిలిన పైపొర దాని తలుపు. కొట్టులో నున్నది ఏండ్లకొలది మనము వేసినదే. తలుపు తెఱచుకొనునది మాత్రము మన యిష్టప్రకారము కాదు.

బురద యనగానే హేయమని తలంచుట తగదు. అడుగునుండి తిరిగివచ్చు పోషకములు లేనిచో తీరమందలి మత్స్యసంపద యింత యుండదు. లోతు తక్కువైన కొన్ని తీరములలో నాచులకు గావలసిన నత్రజనిలో చాలభాగము అడుగునుండియే వచ్చుచున్నది. బురదలో బొఱియలు చేసికొని బ్రదుకు పురుగులును, పీతలును తమ శ్వాసకొఱకు పైనీటిని లోనికి లాగుచు ఆ బురదకు గూడ గాలి చేర్చుచున్నవి. గాలి తగిలిన పొరలో అమోనియా నైట్రేటుగా మాఱును. ఆ నైట్రేటు గాలిలేని క్రింది పొరలోనికి దిగినప్పుడు అక్కడి జీవులు దానిని వాడుకొని, నత్రజనివాయువుగా మార్చి విడిచిపెట్టును. మనుష్యుడు కర్మాగారములలో గాలినుండి లాగి యెరువుగా జేసిన నత్రజనిలో కొంత భాగమును ఈ బురద తిరిగి గాలికే యప్పగించుచున్నది. మన మిగులును ఎవరును జూడని చోట, ఎవరును మెచ్చని జీవులు, కూలి యడుగక శుభ్రపఱచుచున్నవి. అయితే ఈ యుపకారమునకు నియమమొకటి గలదు: పైపొరకు గాలి యుండవలెను. అది లేనిచో అమోనియా నైట్రేటుగా మాఱదు, మాఱనిచో గాలికి బోదు. వచ్చినది వచ్చినట్లే నీటికి జేరును.

మన బంగాళాఖాతమున ఈ నియమము మఱింత సున్నితమైనది. గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణలు తెచ్చు మంచినీరు ఉప్పునీటికంటె తేలికయగుటచే మీదనే నిలిచి, మూతవలె పనిచేయును. అందుచేత పైగాలి క్రిందికి దిగుట కష్టము. సుమారు నూఱు మీటర్ల లోతునుండి కొన్ని వందల మీటర్లవఱకు ప్రాణవాయువు అత్యల్పము. 2017లో వెలువడిన యొక పరిశోధన ప్రకారము అక్కడ మిగిలియున్న ప్రాణవాయువు సాధారణ పరికరములకు అందనంత స్వల్పము. అయినను ఆ జాడ యున్నందుననే అక్కడి రసాయనక్రమము పెద్ద మార్పునకు లోనుగాక నిలిచియున్నది. పైనుండి పోషకములు అధికముగా దిగి ఆ జాడ కూడ తీఱినచో ఏమగునో యను భయమును ఆ పరిశోధకులు సూచించిరి. ఇంతటి సముద్రమున అంత చిన్న యూపిరి యింతటి కార్యమును ఆపుచున్నది.

ఇక మన ప్రశ్నకు నేరుగా సంబంధించిన చరిత్ర. స్వీడను దేశమున వేక్షో పట్టణముకడ ట్రుమ్మెన్ అను చిన్న సరస్సు గలదు. పట్టణపు మురుగును, పరిశ్రమల మురుగును చిరకాలము అందు బడి అది చెడిపోయినది. 1958 ప్రాంతమున మురుగును మళ్లించివేసిరి. తప్పు మానబడినది. సరస్సు బాగుపడునని యెదురుచూచిరి. పదియేండ్లు గడచినను బాగుపడలేదు. క్రొత్త మురుగు చుక్కయైన రాకున్నను, వేసవి వచ్చినప్పుడెల్ల నీరు పచ్చగా నాచుపట్టుచునే యుండెను. అడుగుబురద పాత భాస్వరమును ఏటేట నీటికి వెళ్లగ్రక్కుచుండెను. తుదకు 1970, 1971 సంవత్సరములలో సుమారొక మీటరు మందము బురదను తోడివేసిరి. అప్పుడు గాని నీరు తేటపడలేదు.

పెద్దదానిలోనికి వచ్చినను న్యాయమదియే. ఐరోపా ఖండపు బాల్టికు సముద్రమునకు చుట్టునున్న రాజ్యములు 1974లో హెల్సింకీ ఒడంబడిక చేసికొని, ఆ సముద్రములోనికి వచ్చు భాస్వరమును 1980లకు దరువాత చాలవఱకు తగ్గించినవి. అయినను ఆ సముద్రపు లోతట్టు ప్రదేశములలో ప్రాణవాయువు లేని విశాలమైన మృతమండలములు నేటికిని గలవు. అక్కడొక విషవలయ మేర్పడినది. గాలిలేమిచే బురద భాస్వరమును విడుచును. భాస్వరముచే నాచు పెరుగును. ఆ నాచు చచ్చి రాలి, కుళ్లి, మిగిలిన గాలిని గూడ మ్రింగును. గాలి తఱిగిన కొలది మఱింత భాస్వరము వెలికివచ్చును. తాతలు వేసిన మురుగునకు మనుమలకాలమున నాచు పుట్టుచున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మన శాస్త్రకారులు కర్మను సంచితము, ప్రారబ్ధము, ఆగామి యని మూడు తెఱగులుగా విభజించిరి. కూడబెట్టబడి ఫలింపక యున్నది సంచితము; ఫలింప నారంభించినది ప్రారబ్ధము; ఇప్పుడు చేయుచున్నది ఆగామి. సముద్రపుటడుగును జూచిన తరువాత ఈ విభాగము ఎంత యనుభవసిద్ధమైనదో తోచును. నేడు కాలువలో బోవుచున్నది ఆగామి; బురదలో నున్నది సంచితము; గాలి తఱిగినప్పుడు పైకి వచ్చుచున్నది ప్రారబ్ధము. తప్పు మానుట యనగా ఆగామిని ఆపుట. అది లేనిదే తక్కినది వ్యర్థమనుట నిజమే. తూము కట్టక చెఱువు తోడువాడు తెలివిమాలినవాడు. కాని ఆగామి ఆగినంతమాత్రమున సంచితము కరగదు. ట్రుమ్మెన్ సరస్సు చెప్పుచున్నది ఇదియే.

అయితే ఒకచోట ఈ పోలిక తెగిపోవుచున్నది. అది తెగిపోవు చోటనే ధర్మసూక్ష్మమున్నదని నా యభిప్రాయము. శాస్త్రమున చెప్పబడిన కర్మ చేసినవానినే వెదకికొనుచు బోవును. బురదలోని భాస్వరమునకు అట్టి జ్ఞాపకము లేదు. ఎరువు వేసినది ఒకరు, బ్యారేజి లెక్క చూచినది ఒకరు, ఎరువు ధర నిర్ణయించినది మఱియొకరు. చేపలు దొఱకక వల విదల్చి యింటికి బోవునది నిజాంపట్నపు బెస్తవాడు. చేసినవాడే అనుభవించునను సూత్రమును నమ్ముకొని మనము నిశ్చింతగా నిద్రపోవుచున్నాము. అనుభవించువాడు వేఱని తెలిసిననాడు ఆ నిద్రకు ఆధారము లేదు. స్వంతపాపమును స్వంతప్రాయశ్చిత్తముతో కడుగుకొను ధర్మము వ్యక్తికి చాలవచ్చును. కలిసి చేసిన దానికి, కాలాంతరమున పరులకు దగులు దానికి, అది చాలదు.

దీనిపై మొదటి యాక్షేపణ వినదగినది. "నేను వేయనిదానికి నేనేల బాధ్యుడను?" తండ్రి ఋణమును కుమారుడు తీర్చుట ధర్మమని మన ప్రాచీనస్మృతులు విధించినవి. అయినను జూదమునకు, త్రాగుడునకు చేసిన ఋణములను కుమారునిపై మోపలేదు. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము అటుపై చేసిన ఋణముల విషయమున, కేవలము కుమారుడగుటచేతనే కలుగు బాధ్యతను తొలగించినది. అది న్యాయమే, జన్మమాత్రముచే ఎవడును దోషి కాడు. కాని ఆస్తి పుచ్చుకొన్నవాడు పుచ్చుకొన్నంత మేరకు అప్పునకును బాధ్యుడను న్యాయము నేటికిని చెక్కుచెదరలేదు. కృష్ణడెల్టా ధాన్యమును దినుచు, ఆ ధాన్యపు సొమ్ముతో చదువుకొని, ఆ చదువుతో దూరదేశములకు బోయి స్థిరపడిన కుటుంబములు మనలో నెన్ని! పంటను వారసత్వముగా బొంది, ఆ పంట విడిచిన మురుగును మాత్రము పరాయిదనుట వారసుని న్యాయము గాదు. దోషము వేఱు, ఋణము వేఱు. దోషము లేనివానికిని ఋణముండవచ్చును.

రెండవ యాక్షేపణ ఇంతకంటె బరువైనది. "రైతు చేసిన పాపమేమి? ఎరువు లేక దేశమునకు అన్నమెట్లు?" ఈ మాటలో సత్యము గలదు. ఆకలికి భయపడి, పెద్దల సలహాపై, ప్రభుత్వము చవుకగా నిచ్చిన యూరియాను రైతు వాడినాడు. 2010లో భాస్వరము, పొటాషు ఎరువుల ధరలను సడలించి యూరియాధరను మాత్రము కట్టివేసి యుంచిన పద్ధతియే అతనిని దానివైపు త్రోసినది. అతనిని పాపి యనుట తగదు. ద్వేషము లేకయే హాని కలుగుట ఈ కాలపు హానులకు లక్షణము. అందుచేతనే ఎవడు చెడ్డవాడని వెదకుట యిక్కడ ప్రయోజనకారి గాదు. ఎవని కెంత సాధ్యమని యడుగవలెను. మడి కెంత కావలెనో కొలిచి, ఒకేమాఱు కుమ్మరింపక విడతలుగా వేయుట రైతునకు సాధ్యము. ధరలను సరిచూచుట ప్రభుత్వమునకు సాధ్యము. తీరపు మడయడవులను నఱకక నిలుపుట అందఱికిని సాధ్యము.

మూడవ యాక్షేపణ మన యిండ్లలో తఱచుగా వినబడునది. "అడుగున పడియున్నదానిని కెలకనేల? కెలికిన కొలది కంపు." ఇందును కొంత నిజమున్నది. తుపానులలో బురద లేచినప్పుడు లోపలి పోషకములు ఒక్కపెట్టున వెలువడును; తెలియక తోడినచో మేలుకంటె కీడెక్కువ. కాని కెలకకుండుటకును కప్పిపెట్టుటకును భేదము గలదు. రొయ్యలచెఱువు పెంచు మన తీరపు రైతులను అడిగి చూడుడు. పంట తీసిన తరువాత అడుగున నల్లబురద నట్లే యుంచి మరల నీరు పెట్టినచో రెండవపంటకు విషవాయువులు పుట్టునని వారెఱుగుదురు. అందుచే నీరు తీసి, అడుగును ఎండకు ఆఱబెట్టి, దున్ని, సున్నము చల్లి, గాలి తగిలిన తరువాతనే మరల నింపుదురు. ఇంతకు పూర్వమునుండియు మన పల్లెలలో వేసవిని చెఱువుల పూడిక తీసి ఆ యొండ్రుమట్టిని బండ్లతో పొలములకు తోలుకొను నాచారము గలదు. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ పేర మొదలిడిన కార్యము ఈ యాచారమునకే పునరుద్ధారము. ట్రుమ్మెన్ సరస్సునుండి తోడిన బురదయు నేలకు బలముగా వాడుకొనబడినది. అడుగున విషమైనది ఒడ్డున ఎరువైనది. ఇక్కడ మానుటకును, తీర్చుటకును గల భేదము స్పష్టమగుచున్నది. మానువాడు వేయుట ఆపును. తీర్చువాడు వేసినదానిని పైకి దీసి, గాలి తగిలించి, ఎక్కడిదో అక్కడికి మరల చేర్చును.

సంఘవిషయమునను ఇదియే క్రమమని చెప్పక తప్పదు. వితంతువుల పునర్వివాహమును చట్టము 1856లోనే అంగీకరించినది. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి పునర్వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ పాతికేండ్లు చట్టము పైన, ఆచారము అడుగున. అస్పృశ్యతను రాజ్యాంగము 1950లో నిషేధించినది. 41 ఏండ్ల తరువాత, 1991 ఆగస్టు 6న, తెనాలికి దగ్గఱనున్న చుండూరులో ఎనమండుగురు దళితులు చంపబడిరి. వారి శవములను గోనెసంచులలో మూటగట్టి కాలువలో వేసిరి. వడ్లమూడికిని చుండూరునకును దూరమెంత? ఒక డెల్టా, ఒక నది నీరు. ఆ 41 ఏండ్లలో మన పెద్దమనుష్యులు ఎన్నిమాఱులు "ఇప్పుడవన్నియు ఎక్కడివి?" అని యుందురో లెక్కింపలేము. వారు బొంకుచుండిరని నేననను. పైనీరు తేటగా నుండుట వారు చూచిరి, అడుగు చూడలేదు. మానినామనుకొన్నదానిని తీర్చినామని భ్రమపడిన సంఘమునకు, ఊపిరి కాస్త తఱిగినప్పుడు, పాతది సంపూర్ణబలముతో పైకి వచ్చును.

అట్లైన సంఘమునకు ఊపిరి యేది? నా తలంపున అది మూడుచోట్లనుండి వచ్చును. మొదటిది, జరిగినదానిని జరిగినట్లు చెప్పుకొనుట. మన యింటి పొలము ఎట్లు వచ్చినదో, ఎవరి కూలితో నిలిచినదో, ఎవరిని గడప దాటనీయలేదో పిల్లలకు చెప్పని యిల్లు గాలిలేని యిల్లు. రెండవది, కలిసి యుండుట: ఒక బడి, ఒక బంతి, ఒక బావి. బురదలోని పురుగులు తమ బ్రదుకుకొఱకు చేసికొన్న బొఱియలే బురదకు ఊపిరియైనట్లు, మనుష్యులు తమ తమ పనులకై నిత్యము ఒకరి యింటికొకరు వచ్చిపోవుటయే సంఘమునకు ఊపిరి. దానికి సభలును, ఉపన్యాసములును బదులు గావు. మూడవది, ప్రతిదానము: తీసికొన్నచోటికి మరల నిచ్చుట, అదియు దయగా గాక బాకీగా నిచ్చుట. చదువు నిరాకరింపబడిన కుటుంబపు బిడ్డ చదువునకు నేడు సొమ్మిచ్చువాడు దాతనని చెప్పుకొనుట మానినగాని ఈ లెక్క సరిపడదు.

ఈ మూడింటిని ఒకమాఱు చేసి ఊరకుండుటకు వీలులేదు. సముద్రపుటడుగున మంచి చేయు పొర కొన్ని మిల్లిమీటర్ల మందమే యని చెప్పితిని. అది యొకనాడు ఏర్పడి శాశ్వతముగా నిలిచినది గాదు. పైనుండి గాలి దిగుచున్నంతసేపు ఉండును, ఆగిననాడు కరగును. మనుష్యుల మంచితనమును అంత పలుచనిదే. దీనికి నిరాశ చెందవలసిన పనిలేదు. ఇంత పలుచని పొర ఇంతకాలము ఇంత బరువును ఆపుచున్నదనుట ఆశ్చర్యమే గాక ఆశాజనకము గూడ. అయితే దానిని గట్టిదని నమ్మి కావలి విడుచుట మాత్రము తగదు.

మఱియొక సంగతి మఱువరాదు. అడుగు కీడునే దాచదు, మేలును గూడ దాచును. తీరపు చేపలకు మేతయగునది నిన్నటి నాచే. ఒక తరమున ఒక యిల్లాలు పట్టుదలతో కూతునకు నేర్పిన యక్షరములు మూడవతరమున ఎవరి యింటనో దీపమగుచున్నవి. అవి యెవరివో చెప్పు గుఱుతు వానికిని లేదు. కావున అడుగునకు ఏమి పంపుచున్నామో చూచుకొనుట భయముచేతనే చేయవలసినది గాదు. తప్పు మానినవానిని మనము గౌరవింపవలెను. మానుట సులభము గాదు. గౌరవించిన తరువాత మెల్లగా అడుగవలెను: "అయ్యా, వేసినది ఎక్కడ నున్నది? దానిని తీయుటకు మేమేమి సాయపడగలము?" ఆ ప్రశ్నను ఇతరులకు వేయుటకు ముందు ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు తమ తమ యింటి పద్దులయందు వేసికొనుట మేలు.